తిరుగు ప్రయాణపు తేదీ

కళాశాల వార్షిక సంచికలో విజ్ఞానయాత్రను గురించి ఒక వ్యాసం ఉండడం ఆచారం. బయలుదేరిన ఉదయం, ఎక్కిన రైలు, చూసిన వింతలు, చివరకు అందరూ సుఖంగా ఇల్లు చేరడం వరుసగా చెప్పి ముగిస్తారు. ఈ సంవత్సరం ఆ ఆచారాన్ని కొంత తప్పవలసి వస్తున్నది. 2024 డిసెంబరు మూడవ వారంలో పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి పక్షులను చూడడానికి వెళ్ళిన మా బృందం అనుకున్న దినానికి తిరిగి రాలేదు. రెండు దినాలు ఆలస్యమైంది. ఆ ఆలస్యం మీద పాలక సంఘంలో చర్చ జరిగింది; ఇంకా జరుగుతున్నది. ఇకపై ఏ యాత్రకైనా దరఖాస్తులో చూపిన తేదీకే విద్యార్థులను తప్పక తిరిగి తీసుకురావాలనీ, తీసుకురాని పక్షంలో బాధ్యుడైన అధ్యాపకుడు సంజాయిషీ ఇచ్చుకోవాలనీ, రాత్రి బస ఉండే యాత్రలకు విద్యార్థినులను పంపరాదనీ ఒక ముసాయిదా తీర్మానం సిద్ధమై ఉన్నది. ఆ బాధ్యుడైన అధ్యాపకులం మేమే. మా పక్షం చెప్పుకోవడానికి ఈ సంచికలో కొంత చోటు అడిగాము. సంపాదకులు కాదనలేదు.

మా అభిప్రాయం ముందే చెబుతాము. తేదీని గురించిన ఆ నిబంధన విద్యార్థుల క్షేమం కోరి రాసినదే. రాసిన పెద్దల మనసు మాకు తెలియనిది కాదు. కాని అది అమలులోకి వస్తే విద్యార్థులకు ముప్పు తెచ్చేది అదే. ఎందుకో చెప్పాలంటే ఆ దీవి మీద గడిచిన రెండు దినాల కథ కొంత చెప్పక తప్పదు.

తెలుగు అధ్యాపకులకు పక్షులతో ఏమి పని అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గత సంవత్సరం రెండవ సంవత్సరపు తరగతిలో రామాయణావతరణ ఘట్టం చెబుతున్నాము. బోయవాని బాణానికి క్రౌంచ మిథునంలో ఒకటి నేలకూలడం, వాల్మీకి శోకం శ్లోకమైన వృత్తాంతం చెప్పి, ఘట్టం బాగా నడిచిందని లోలోపల సంతోషిస్తున్నాము. వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి, "సార్, క్రౌంచమంటే ఏ పక్షి?" అని అడిగింది. సారస పక్షి అని పలువురి అభిప్రాయమని చెప్పాము. "సారస పక్షి ఎట్లా ఉంటుంది సార్?" అన్నది. నిజం చెప్పాలంటే మేము దానిని ఎన్నడూ చూడలేదు. పదేళ్ళుగా చకోరం వెన్నెలను తాగుతుందనీ, చాతకం వానచినుకుకై నోరు తెరుచుకొని ఉంటుందనీ పాఠం చెబుతూనే ఉన్నాము. చకోరం ఎండకు మాడే రాతికొండల్లో తిరిగే కౌజు జాతి పక్షి అనీ, చాతకమని చాలామంది గుర్తించేది ఋతుపవనాలతో వచ్చే ఒక రకం కోకిల అనీ మాకు ఆ తరువాత జంతుశాస్త్ర శాఖలోని మిత్రులు చెప్పగా తెలిసింది. ఉర్దూ శాఖ వారికీ ఇటువంటి ఇబ్బందే ఉన్నది. పన్నెండవ శతాబ్దపు అత్తార్ కావ్యంలో పక్షులన్నిటినీ సీముర్గ్ వద్దకు నడిపించే హుద్‌హుద్ మన ఊరి పొలాలలోనే నేలను ముక్కుతో పొడుస్తూ తిరుగుతుంటుంది. తలపై విసనకర్ర వంటి కుచ్చు ఉంటుంది గనుక పోల్చుకోవడం కూడా సులువే. అయినా ఆ కావ్యం చదివే విద్యార్థులలో దానిని చూసి గుర్తించినవారు ఇద్దరో ముగ్గురో. ఈ లోటు తీర్చుకోవడానికే మూడు శాఖలూ కలిసి ఈ యాత్ర తలపెట్టాయి. పదునాలుగు మంది విద్యార్థులు, అందులో ఆరుగురు విద్యార్థినులు. అధ్యాపకులం ముగ్గురం, ఉర్దూ శాఖ నుండి వచ్చిన సహోద్యోగిని విద్యార్థినుల బాధ్యత వహించారు.

గూడూరులో రైలు మారి సూళ్ళూరుపేటలో దిగాము. మొదటి దినం నేలపట్టు. 1976లో రక్షిత కేంద్రమైన ఈ చోట చెరువు నీటిలో నిలిచి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకొని ఉన్నాయి. ఎన్ని కొమ్మలో అన్ని గూళ్ళు. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తినడం చూసి మా విద్యార్థులు కొంతసేపు మాట మరిచారు. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దౌడల నడుమ ఎప్పుడూ కొంత సందు ఉంటుందనీ, అది నత్తను పట్టి లోపలి మాంసం తీయడానికి పనికివస్తుందనీ జంతుశాస్త్ర మిత్రులు చెప్పారు. పక్షుల పండుగ పేరిట శీతకాలంలో జనం వచ్చి చూసి పోయేది ఈ కేంద్రాన్నే. మా మనసు మాత్రం దీవి మీద ఉన్నది.

పులికాట్ మన దేశంలో చిలక తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. స్వర్ణముఖి, కాళంగి, అరణి నదుల మంచినీరూ, ముఖద్వారాల గుండా బంగాళాఖాతపు నీరూ ఇందులో కలుస్తాయి. సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట దీవి గోడవలె ఉన్నది. ఇరకం ఆ సరస్సు లోపలి దీవి. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. తడ వద్ద భీములవారిపాలెం రేవు నుండి పడవలో పోవాలి. ఆ దీవివారికి బడి పైచదువైనా, ఆసుపత్రి అయినా, సంత అయినా పడవ మీదనే. మనకు అది యాత్ర. వారికి అది దినచర్య. ఈ భేదం మాకు పడవ ఎక్కినప్పుడు తట్టలేదు.

రెండవ దినం ఉదయం పడవలో పోతుండగా రాజహంసలు కనిపించాయి. ఫ్లెమింగోలనే తెలుగులో కొందరు రాజహంసలంటారు. దూరానికి నీటి అంచున తెల్లని గీత గీసినట్లున్నది. పడవ కొంత సమీపించగా ఆ గీత కదిలింది. కాళ్ళతో బురదను కలుపుతూ, మెడను కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీటిలో ఉంచి, జల్లెడ పట్టినట్లు నీటిని వడకట్టి సూక్ష్మజీవులను తింటున్నాయి. వాటి రెక్కలలోని ఎరుపు పుట్టుకతో వచ్చినది కాదు; తినే తిండిలోని రంగు. పిల్లలు బూడిదవన్నెలో ఉంటాయి. ఒక్కసారిగా అవి లేచినప్పుడు, అంతవరకు తెలుపనుకున్న గుంపు అంతా లోపలి ఎరుపును విప్పింది. ఆ క్షణాన్ని మేము వర్ణించబోము. హంసను గురించి ఇన్నేళ్ళు వర్ణనలు చెప్పిన నోటికి అక్కడ మాట రాలేదు. ఇది మాత్రం పాలక సంఘం వారు గమనించగోరుతాము.

మధ్యాహ్నానికి తిరిగి రావలసి ఉన్నది. దీవి ఒడ్డుకు వచ్చేసరికి మమ్మల్ని తెచ్చిన పెద్దాయన పడవను గట్టు మీదికి లాగి తాడుతో కడుతున్నాడు. ఎందుకని అడిగాము. "గాలి తిరిగింది సారూ. ఈ పూట పడవ దించను," అన్నాడు. వాన అప్పటికి నాలుగు చినుకులే. ఆ మాటే అన్నాము. "వానతో మనకేం సారూ? గాలితోనే," అని తన పని తాను చూసుకున్నాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడనున్నదని బయలుదేరేముందు పత్రికలో చదివాము. అది తమిళనాడు వైపు పోతుందిలే అనుకున్నాము. ఇరకం నుండి తమిళనాడు ఎంత దూరమో పటం తీసి చూసినవారం కాము. సరస్సులో కొన్ని ఊళ్ళు ఆ రాష్ట్రానివే!

రెండవ తప్పు అంతకన్నా పెద్దది. మరునాడు కళాశాలలో యూనిట్ పరీక్ష ఉన్నది. ఎట్లాగైనా రాత్రికి బయలుదేరి రావలసిందని కళాశాల నుండి ఫోను వచ్చింది. మేము పెద్దాయన దగ్గరకు వెళ్ళి, రెండింతలు బాడుగ ఇస్తామన్నాము. ఆయన నవ్వలేదు, కోపగించలేదు. "డబ్బుల మాట కాదు సారూ. పిల్లకాయలున్నారు," అన్నాడు. మా మాటలు విన్న ఒక యువకుడు వచ్చి తన మరపడవలో దాటిస్తానన్నాడు. మేము సరేనన్నాము. అవును, సరేనన్నాము. విద్యార్థులను సంచులు సర్దుకోమని కూడా చెప్పాము. అప్పుడు క్రౌంచాన్ని గురించి అడిగిన ఆ విద్యార్థినే, "సార్, ఆ పెద్దాయన తన పడవను గట్టు మీద కట్టేసుకున్నాడు కదా!" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. మేము కొంతసేపు నిలబడి, సంచులు దించమన్నాము.

సరస్సు లోతు చాలా చోట్ల నిలువెత్తు కూడా ఉండదు. లోతు లేని నీటిలో భయమేమని మేమే అనుకున్నాము. ఆ రాత్రి బడి వరండాలో కూర్చుండబెట్టి పెద్దాయన చెప్పిన సంగతి ఇది. లోతు లేని నీటిలో గాలికి అల పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి ఊపిరి తిరగనీయకుండా లేస్తుంది. గాలి నీటిని ఒక ఒడ్డుకు తోసివేస్తుంది. రెండవ వైపు పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోతుంది. ఆగిన పడవకు అల పక్కనుండి కొట్టి నీరు నింపుతుంది. దిగి నడుద్దామంటే కాలు మోకాటి వరకు బురదలో దిగబడుతుంది, పైన అల తల మీదుగా పోతుంది. ఈత వచ్చినవాడికైనా కష్టమే. మా బృందంలో ఈత వచ్చినవారు నలుగురు. ఆ నలుగురిలో మేము లేము.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. ఇదే పులికాట్‌లో, తమిళనాడు వైపు, 2011 డిసెంబరు 25న పండుగపూట విహారానికి వచ్చిన ఒక పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. రక్షక చొక్కాలు లేవు. మన గోదావరిలో, కచ్చులూరు వద్ద, 2019 సెప్టెంబరు 15న వరద పోటెత్తి ఉండగా బయలుదేరిన పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అటువంటి ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఒకరికి చేరవలసిన వేళ ఒకటి ఉండి ఉంటుంది.

పాలక సంఘంలో ఒక పెద్దలు, ఆ యువకుడు దాటాడా లేదా అని అడిగారు. దాటాడు. దీవివారు ఇద్దరిని ఎక్కించుకొని ఆ సాయంత్రమే వెళ్ళాడు. దారి పొడుగునా నీరు తోడుకుంటూ, తడిసి ముద్దై, రేవు చేరాడు. "చూశారా! మీరు కూడా వచ్చి ఉండవచ్చును," అని ఆ పెద్దల మాట. మేము కూడా క్షేమంగా చేరేవారమేమో. కాదని వాదించబోము. కాని ఆ పడవలో ఉన్నవారు ముగ్గురు. ముగ్గురూ నీటి మీద పుట్టి పెరిగినవారు. మాది పదిహేడు మంది బరువు. క్షేమంగా చేరిన తరువాత ఏ నిర్ణయమైనా సరియైనదిగానే కనబడుతుంది. గట్టు మీద నిలబడినప్పుడు మనకు తెలిసినది ఏమిటన్నదే ప్రశ్న. అప్పుడు మాకు తెలిసినది ఒకటే: ఆ నీటిని అందరికన్నా ఎక్కువ ఎరిగినవాడు, బాడుగ వదులుకొని, తన పడవను కట్టేశాడు.

ఆ సరస్సుకు ఆవలి ఒడ్డునే శ్రీహరికోట ఉన్నది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం ఉదయం 8 గంటలకు లేవవలసి ఉండగా వాతావరణం బాగాలేక మొదట వెనక్కు జరిపారు. ఆ పైన వేరొక సాంకేతిక కారణాన ఆగి, చివరకు 10 గంటలకు లేచింది. దేశమంతా చూస్తూ ఉన్నది. ఆలస్యానికి ఎవరూ సంజాయిషీ అడగలేదు. అంత శాస్త్రం, అంత యంత్రసంపద ఉన్నవారు గాలివానకు తలవంచి ఆగినప్పుడు, ఒక నాటు పడవను నమ్ముకున్న అధ్యాపకుడు ఆగకూడదనడం ఏ న్యాయమో మాకు తెలియలేదు.

ఆ రెండు దినాలు ఎట్లు గడిచాయో కూడా చెప్పాలి. ఊరివారు బడి గది తెరిచి ఇచ్చారు. విద్యార్థినులనూ, మా సహోద్యోగినినీ ఒక ఇంటివారు తమ ఇంట ఉంచుకున్నారు. మొదటి రాత్రి అన్నం, చేపల పులుసు. మరునాడు చేపలు లేవు. పడవలు నీట దిగని దినాన సరస్సు నడుమ ఉన్న ఊరికి కూడా చేపలుండవు. పప్పుచారు, ఎండుచేపల వేపుడు పెట్టారు. కిటికీ నుండి చూస్తే పక్షులు కూడా ఎక్కడివక్కడే ఆగిపోయి ఉన్నాయి. సముద్రపు కాకులు నీరు విడిచి పొలం గట్ల మీద, గాలికి ఎదురుగా ముఖం పెట్టి, వరుసగా కూర్చున్నాయి. ఉత్తరాసియా నుండి వేల మైళ్ళు వచ్చిన సూదితోక బాతులు దీవి చాటు మడుగులో ఒదిగి ఉన్నాయి. వలస పక్షులు అనుకూలమైన గాలికోసం దినాల తరబడి ఆగుతాయని పుస్తకంలో ఉన్న సంగతే. విద్యార్థులు దానిని కళ్ళారా చూశారు. యాత్రలో వారు నేర్చుకున్నదానిలో సగం ఆ ఆగిపోయిన రెండు దినాలలో నేర్చుకున్నదే.

బడి వరండాలో నమాజు వేళ ఒక విద్యార్థి, ప్రయాణంలో కుదించి చేసే నమాజును ఇక్కడ ఎన్నాళ్ళు చేయవచ్చునని అడిగాడు. పదిహేను దినాలు ఉండాలన్న సంకల్పం లేక, ఎప్పుడు కదులుతామో తెలియక ఆగి ఉన్నవాడు ఎన్నాళ్ళైనా ప్రయాణికుడేనని మన హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. తిరుగు తేదీ తెలియని మనిషి ఉంటాడని, అతనికి సడలింపు ఉండాలని ఆ శాస్త్రకారులకు ఏనాడో తెలుసు. మన దరఖాస్తు పత్రానికి మాత్రం ఇంకా తెలియలేదు.

తల్లిదండ్రుల భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన తీరం మనది. ఆ ఉప్పెన కథలు విని పెరిగిన తండ్రికి అల్పపీడనమన్న మాట వింటేనే గుండె జారుతుంది. ఆ రాత్రి దీవిలో సెల్‌ఫోనుకు సంకేతం అందే చోటు ఒక్క నీటి ట్యాంకు మెట్టే. గొడుగు పట్టుకొని వంతులవారీగా అందరి ఇళ్ళకూ మాట్లాడాము. ఒక విద్యార్థిని తండ్రి, దర్జీ పనివారు, మా మాట పూర్తి కానీయకుండానే, "దేర్ హోనే దో సాబ్, బచ్చీ సలామత్ ఆనా," అన్నారు. ఆలస్యమైతే కానీయండి, అమ్మాయి క్షేమంగా రావాలి, అంతే. మిగిలిన ఇళ్ళనుండి కూడా ఇంచుమించు ఇదే మాట. తేదీని గురించి నిలదీసినది తల్లిదండ్రులు కారు.

ఇక విద్యార్థినుల సంగతి. ఆలస్యమైనది గాలివలన; ముసాయిదాలో శిక్ష పడినది అమ్మాయిలకు. వీటి నడుమ సంబంధం మాకు అంతుపట్టలేదు. ఆ రేవులో మా అందరికన్నా స్థిమితంగా ఆలోచించినది ఒక అమ్మాయి. వచ్చే ఏడు ఆమెను ఇంట ఉంచి, ఆమె మాట వినబట్టి బతికి బయటపడ్డ మేము మాత్రం మళ్ళీ పడవ ఎక్కడం మాకే సిగ్గుగా ఉంటుంది.

పక్షుల చదువు మన వంటివారికి కొత్త విద్య అని కూడా ఒకరన్నారు. కొత్తది కాదు. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టిన సలీం అలీ, 1930ల ఆరంభంలో నిజాం ప్రభుత్వం సహాయంతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన జీవించి ఉండగానే, 1986లో, అప్పటికి 80 ఏళ్ళకు పైగా కనబడక అంతరించిందనుకున్న కలివికోడి మన కడప జిల్లా చిట్టడవులలో మళ్ళీ దొరికింది. దానిని వెదుకుతూ వచ్చినవారు బొంబాయి శాస్త్రజ్ఞులు. చేత పట్టి చూపినవాడు స్థానికుడైన ఒక వేటగాడు. నేలను గాని, నీటిని గాని ఎరిగినవాని మాట వినడం ఈ విద్యలో మొదటి పాఠం. ఆ పాఠాన్ని మేము రేవులో దాదాపు తప్పాము.

కనుక పాలక సంఘం వారిని మేము కోరేది యాత్రలను మా ఇష్టానికి వదిలివేయమని కాదు. నిబంధనలు ఉండవలసిందే. మామీదనే కఠినంగా ఉండనీయండి. నీటి మీదికి పోయే బృందం తన రక్షక చొక్కాలు తానే తీసుకుపోవాలి. కళాశాల డజనున్నర కొని ఉంచితే అవి ఏళ్ళ తరబడి పనికివస్తాయి. వాతావరణ శాఖ హెచ్చరికను బయలుదేరేముందు చదివి సంతకం చేయాలని రాయండి, మేము చేయని పని అదే గనుక. బడ్జెటులో రెండు దినాల తిండి ఖర్చు అదనంగా చూపనీయండి. పరీక్షకు అందనివారికి మరొక దినం పరీక్ష పెట్టే వీలు కల్పించండి. పడవ నడిపేవాడు వద్దన్నప్పుడు అధ్యాపకుడు గాని, ప్రిన్సిపాలు గాని, సంఘం గాని కాదనరాదని అన్నిటికన్నా ముందు రాయండి. తేదీ దాటితే సంజాయిషీ అడిగే నిబంధన ఉన్నంతకాలం, గట్టు మీద నిలబడ్డ అధ్యాపకుని చెవికి పడవవాని మాటకన్నా ఆ నిబంధనే పెద్దగా వినబడుతుంది. ఇంకా నిబంధన కాని ఒక్క ఫోను మాటకే మేము సంచులు సర్దించాము.

మూడవ దినం తెల్లవారుజామున పెద్దాయన వచ్చి తలుపు తట్టాడు. గాలి తగ్గింది. పడవలో మా విద్యార్థులు ఒక్క మాట మాట్లాడలేదు. రాజహంసలు తిరిగి తమ చోటికి వచ్చి ఉన్నాయి, అవి లేవకుండా దూరంగా తిప్పి పోనిచ్చాడు. రేవులో లెక్క చూడగా రానూ పోనూ బాడుగ మాత్రమే తీసుకున్నాడు. తిండికని ఊరివారికి ఇవ్వబోయిన డబ్బును వారు ముట్టలేదు. బడి పిల్లలకు పుస్తకాలు పంపుతామన్నాము, పంపాము. ఆ పుస్తకాల బిల్లు 1,840 రూపాయలు. యాత్ర ఖర్చు కింద చెల్లదని లెక్కల శాఖ తిప్పి పంపినది ఆ బిల్లునే.

వచ్చే శీతకాలపు యాత్రకు దరఖాస్తు ఈ నెలలోనే పెట్టాము. ఇరవై ఒక్క మంది పేర్లు ఇచ్చారు. తొమ్మిది మంది అమ్మాయిలు. బయలుదేరే తేదీ గడి నింపాము. తిరుగు తేదీ గడిలో "గాలిని బట్టి" అని రాశాము. కార్యాలయంలో గుమాస్తా గారు ఆ కాగితాన్ని ఇంకా స్వీకరించలేదు.